తిరుగు తీగ మీద నేను వేసిన ముడి

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఉద్యోగం పర్మనెంటు అవుతుందా అని. రెండోది, షాక్ కొడితే ఏం చెయ్యాలి అని. మొదటిదానికి అవదనీ, రెండోదానికి కొట్టకుండా చూసుకోమనీ చెబుతాను. తీగలో కరెంటు ఎలా నడుస్తుంది, బల్బు ఎందుకు వెలుగుతుంది అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. చేరిన రెండేళ్ళకి మా ఫోర్మన్ తిట్టి చెప్పేదాకా నాకు తెలియదు.

నా పేరు సింహాచలం. మా నాన్న విజయనగరం దగ్గర నుంచి, ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో తట్ట మొయ్యడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను భిలాయిలోనే పుట్టాను. టౌన్‌షిప్ క్వార్టర్లలో కరెంటు బాగుచేసే పనిలో ముప్పై ఆరేళ్ళు ఉన్నాను. ఫ్యూజు పోయిందంటే వెళ్ళడం, ఫ్యాను తిరగట్లేదంటే వెళ్ళడం, గాలివాన వస్తే స్తంభం ఎక్కడం. ప్రమోషన్ల సంగతి రాయను. వాటివల్ల నాకు ఒరిగిందీ లేదు, నేను మారిందీ లేదు. మోకాళ్ళు మాత్రం అరిగాయి. ఇప్పుడు రెండు మెట్లెక్కాలన్నా ఒకసారి ఆగి ఆలోచిస్తాను.

రాయవలసింది నిజానికి ఒక్కటే ఉంది. దాన్ని చెప్పాలంటే ముందు కొంచెం పాఠం చెప్పక తప్పదు. ఓపిక పట్టండి, నాకూ అంత ఓపిక లేదు.

వెళ్ళిందంతా తిరిగి రావాలి

మా ఫోర్మన్ పాణిగ్రాహి గారు బరంపురం వైపు మనిషి. తెలుగు, ఒడియా, హిందీ మూడింటిలోనూ సమంగా తిట్టేవారు. ఒకరోజు వర్క్‌షాపులో నేను బల్బు హోల్డరు బిగిస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఒరే, స్విచ్ ఏస్తే బల్బు ఎంతసేపటికి ఎలుగుతాది?"

"ఎంటనే ఎలిగిపోద్ది సార్."

"అంటే స్విచ్ కాడ్నించి కరెంటు బల్బు దాకా నడుసుకుంటూ ఎల్లిందంటావా?"

"ఎల్లే ఉంటాది. గట్టిగా పరిగెట్టుంటాది."

"నీ మొహం. అది నడిస్తే నీ బల్బు ఎలిగేసరికి షిఫ్టు అయిపోద్ది."

ఆయన చెప్పింది ఇదీ. తీగ ఖాళీ గొట్టం కాదు. రాగి లోపల కంటికి కనపడని కణాలు ముందునుంచే కిక్కిరిసి ఉన్నాయి. పెరట్లో నీళ్ళతో నిండి ఉన్న రబ్బరు గొట్టానికి కుళాయి తిప్పామనుకోండి, ఆ చివర నీళ్ళు వెంటనే పడతాయి. కుళాయి దగ్గరి నీరు అక్కడిదాకా నడిచి వెళ్ళనక్కర్లేదు. స్విచ్ వెయ్యడమూ అంతే. తోపు ఒక్కసారిగా తీగంతా అందుతుంది, కణాలు మాత్రం నత్తకన్నా నెమ్మది. మన ఇళ్ళకొచ్చే కరెంటులో అయితే అవి ముందుకు పోయేది కూడా లేదు, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆ ఊపు బల్బులోని సన్న తీగ దగ్గరికి వచ్చేసరికి ఇరుకవుతుంది. ఇరుకులో రాపిడి, రాపిడికి వేడి, ఆ వేడికి తీగ తెల్లగా వెలుగుతుంది. గుండ్రటి పాత బల్బు సంగతి ఇది. ఇప్పటి ఎల్ఈడీలు వేరు, కానీ తీగల లెక్క మారలేదు.

తరవాత అన్నమాట ముఖ్యం. "బల్బు కరెంటుని తినెయ్యదురా. ఫేజ్‌లో ఎంత ఎల్తాదో న్యూట్రల్లో అంతా ఎనక్కి రావాల. రాకపోతే ఎల్లడమే ఉండదు."

ఇక్కడి ఎలక్ట్రీషియన్లు ఫేజ్‌ని గరం అంటారు, న్యూట్రల్‌ని ఠండా అంటారు. వేడి తీగ, చల్ల తీగ. టెస్టర్ పెడితే ఫేజ్ మీద దాంట్లోని చిన్న దీపం వెలుగుతుంది, న్యూట్రల్ మీద వెలగదు. వెలగదు కాబట్టి అందులో ఏమీ లేదని అందరం నమ్మేస్తాం. ఉంటుంది. వెళ్ళినదంతా దాంట్లోనే తిరిగి వస్తూ ఉంటుంది. తీగ తెగకుండా ఉన్నంతసేపూ అది ఎవర్నీ ఏమీ చెయ్యదు. దాన్ని మధ్యలో విప్పి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకున్నవాడి ఒంట్లోంచి మాత్రం పోతుంది.

ఈ పాఠం నాకు తెలుసు. తెలిసే చేశాను కాబట్టి ఇదంతా చెబుతున్నాను.

ఐదు నిమిషాల చెయ్యి

మా పనిలో మంచి పేరు అంటే తొందరగా వెలిగించే పేరు. బాగా చేశాడా అని ఎవరూ చూడరు. స్విచ్ వేస్తే వెలిగిందా, అంతే. సెక్టర్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో నాకు ఆ పేరు ఉండేది. సింహాచలం చెయ్యి పడితే ఐదు నిమిషాలు అనేవారు. నాకు అది బాగా ఎక్కింది. పొగిడినవాడి ఇంటికి ఒకడుగు ముందే వెళ్ళేవాణ్ణి.

ఒక మేడ బ్లాకులో కింద క్వార్టర్లో పార్వతమ్మ గారని, బొబ్బిలి వైపు ఆమె. ఒక సాయంత్రం ఇంట్లో కరెంటు పోయింది. వాళ్ళ అత్తగారికి ముందురోజే కంటి ఆపరేషన్ అయ్యింది. ముసలావిడ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. గంటకోసారి మందు చుక్కలు వెయ్యాలి. కొవ్వొత్తి వెలుగులో చుక్క కంట్లో పడుతోందో బుగ్గ మీద పడుతోందో కోడలికి తెలియట్లేదు.

"తమ్ముడూ, నీకు దండం పెడతాను. ఏటి సేత్తావో సెయ్యి, లైటు మాత్రం రావాల."

చూస్తే న్యూట్రల్ గోడ గొట్టంలో ఎక్కడో తెగింది. కొత్త తీగ లాగాలంటే పూట పని. ఆ వేళకి నా దగ్గర అంత తీగా లేదు. మేడమెట్లు మలుపు తిరిగే చోట చపటా మీద, గోడకి పై క్వార్టరు బోర్డు ఉంది. పై ఇంటివాళ్ళని అడిగి, ఆ బోర్డులోని న్యూట్రల్‌కి ఒక తీగ మెలిపెట్టి, కిందికి దింపి పార్వతమ్మ గారి బోర్డుకి కలిపాను. అంటే ఆవిడ ఇంటికి ఫేజ్ తన బోర్డు నుంచి వస్తుంది, తిరుగు ప్రయాణం పై ఇంటి తీగలో. అరువు న్యూట్రల్ అంటాం. చెయ్యకూడదని అందరికీ తెలుసు, చెయ్యనివాడు లేడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"రేపొచ్చి కొత్త తీగ లాగేస్తానమ్మా, ఇది ఒక్క రాత్రికే" అన్నాను. ఆవిడ టీ ఇచ్చింది, చెగోడీలు పొట్లం కట్టి ఇచ్చింది. రిజిస్టరులో "లైటు సరిచేయబడింది" అని రాశాను. మర్నాడు ఇంకో సెక్టర్లో పని పడింది. ఆ మర్నాడు ఇంకోటి. వారానికల్లా పూర్తిగా మరిచిపోయాను.

చూసి చేసేవాడు

దుకాలూ రామ్ దుర్గ్ అవతలి పల్లె మనిషి, ఛత్తీస్‌గఢీ. మేమిద్దరం పధ్నాలుగేళ్ళు జంటగా పనిచేశాం. మాతో తిరిగి తిరిగి తెలుగు సగం పట్టాడు. నన్ను బావా అని పిలవమని ఎవరో నేర్పారు. దాని అర్థం తెలిశాక కూడా మానలేదు.

నాకు వేగం ఎంతో అతనికి నిదానం అంత. ఏ తీగనైనా రెండుసార్లు పరీక్షించనిదే ముట్టుకోడు. "నువ్వు నీ పెళ్ళిలో తాళి కూడా టెస్టర్ పెట్టి చూసే కట్టుంటావు" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు, మళ్ళీ టెస్టర్ తీసేవాడు. నిదానం వల్ల అతనికి పేరు రాలేదు. ఇళ్ళవాళ్ళు నన్నే పంపమని అడిగేవారు. ఈ వృత్తిలో అన్యాయం అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

నేను ఆ తీగ వేసిన ఎనిమిది నెలలకి, మే నెల మిట్టమధ్యాహ్నం, పై క్వార్టరు నుంచి ఫిర్యాదు వచ్చింది. లైట్లు ఉన్నట్టుండి మసకబారుతున్నాయట. ఎక్కడో జాయింటు వదులైంది. ఇద్దరం వెళ్ళాం. చపటా మీద నిచ్చెన వేసి దుకాలూ ఎక్కాడు. నేను నాలుగు మెట్లు కింద ఉన్నాను. పార్వతమ్మ గారు మజ్జిగ తెచ్చి ఇస్తే తాగుతున్నాను. ఆపింది పై ఇంటి మెయిన్ ఒక్కటే కాబట్టి ఆవిడ ఇంట్లో కూలర్ హోరుమని తిరుగుతోంది.

"బావా, మెయిన్ బంద్?"

"బంద్."

దుకాలూ టెస్టర్ తీశాడు. ఫేజ్‌కి పెట్టాడు, వెలగలేదు. న్యూట్రల్ జాయింటుకి పెట్టాడు, వెలగలేదు. రెండోసారి కూడా పెట్టాడు. ఇది నేను కళ్ళారా చూశాను. తరవాత టేపు ఊడదీసి జాయింటు విప్పాడు.

కింద కూలర్ హోరు ఆగింది. తిరుగు దారి తెగింది కాబట్టి ఆగింది. కరెంటుకి ఇక మిగిలిన దారి దుకాలూ ఒళ్ళే. ఎందుకంటే రెండు కొసలూ దుకాలూ రెండు చేతుల్లో ఉన్నాయి.

అతను అరవలేదు. కరెంటు పట్టేసినప్పుడు అరవడం కుదరదు. నిచ్చెన ఒరిగి, తీగలు చేతుల్లోంచి ఊడి, నన్ను దాటుకుంటూ మెట్ల మీద పడ్డాడు. ఆ పడటమే ప్రాణం నిలిపింది. తుంటి విరిగింది.

"ఓలమ్మో, ఏటయిపోనాదిరా దేవుడా!" అని పార్వతమ్మ గారు గ్లాసు వదిలేసింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. బండి వచ్చింది. అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బోర్డు తెరిచి ఉంది, ఎవరైనా ముట్టుకుంటారని నేను ఆగిపోయాను.

అప్పుడు బ్లాకు మొత్తానికి కరెంటు ఆపి, పైకెక్కి చూశాను. నేను ఎడమచేతివాణ్ణి. అందరూ తీగలు మెలేస్తే ఒకవైపు తిరుగుతాయి, నేను మెలేస్తే రెండోవైపు తిరుగుతాయి. విప్పినా రాగికి ఆ మెలి పోదు. రెండోవైపు తిరిగిన ఆ కొస చేతిలోకి తీసుకోగానే కొవ్వొత్తి, నల్ల కళ్ళద్దాలు, చెగోడీలు అన్నీ గుర్తొచ్చాయి.

ఆలోచించకుండా చేశానని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది. ఆలోచించే చేశాను. ఆ అరువు తీగని రెండు కొసలా కోసి, చుట్ట చుట్టి సంచిలో పడేశాను. నాకు ఇద్దరు చిన్న పిల్లలు, ఉద్యోగం పోతే ఏమిటి గతి అనుకున్నాను. దుకాలూకి కూడా పిల్లలున్నారన్నది ఆ నిమిషంలో నాకు తట్టలేదు. సాయంత్రం పార్వతమ్మ గారింటికి కొత్త తీగ లాగాను. ఎనిమిది నెలలు వాయిదా వేసిన పని రెండు గంటల్లో అయిపోయింది.

పాణిగ్రాహి గారు అడిగారు. "వాడు టెస్టర్ పెట్టేడా?"

"నేను కిందున్నాను సార్. సూడలేదు."

ఆయన నా మొహంలోకి చూశారు. "పెట్టుంటే కొట్టదు కదరా. మెయిన్‌కి ముందున్న ఫేజ్ ముట్టుకుని ఉంటాడు" అని, పరీక్షించకుండా చెయ్యి పెట్టాడని కాగితం రాశారు. ఆయనకి అనుమానం వచ్చిందో లేదో నాకు తెలియదు. అడుగుదామంటే ఇప్పుడు ఆయన లేరు.

నేను చెప్పిన కథ

దుకాలూ ఏడు నెలల తరవాత కుంటుకుంటూ వచ్చాడు. నిచ్చెన ఎక్కే పని లేకుండా ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "నా గల్తీ భాయ్, చూసుకోలేదు" అనేవాడు. నేను తల దించుకుని సంచి సర్దుకునేవాణ్ణి.

అది చాలనట్టు ఇంకోటి చేశాను. కొత్తగా వచ్చేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పే పని నాకు అప్పగించారు. రిటైరయ్యాక కూడా కాంట్రాక్టు పనివాళ్ళకి చెప్పడానికి పిలుస్తున్నారు. ప్రతి బ్యాచ్‌కీ ఈ కథే చెప్పాను. పధ్నాలుగేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఒక్కసారి టెస్టర్ పెట్టకపోతే ఏమైందో చూడండి అనేవాణ్ణి. పేరుతో సహా చెప్పేవాణ్ణి. పిల్లలు పుస్తకాల్లో రాసుకునేవారు. చెప్పగా చెప్పగా నాకే అది నిజమనిపించేది.

మొన్న చలికాలంలో ఒక క్లాసు. ముందు వరసలో లావణ్య అనే అమ్మాయి కూర్చుంది. తాతగారిది పలాస. ఈ పిల్లకి తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు. కథ అయ్యాక చెయ్యెత్తింది.

"అంకుల్, ఒక్క డౌట్. ఆయన ఏ తీగ పట్టుకున్నారు?"

అలసిపోయి ఉన్నాను. నోరు జారింది. "ఠండా" అన్నాను.

"ఠండా అయితే టెస్టర్ జలేగా హీ నహీ కదా అంకుల్. చెక్ చేసినా వెలగదు. మరి ఆయన చెక్ చెయ్యలేదని ఎలా మాలూమ్ అయింది?"

ఇన్నేళ్ళలో ఎవరూ వెయ్యని ప్రశ్న. అందరూ రాసుకున్నారు, తలలూపారు, వెళ్ళిపోయారు. ఈ పిల్ల కరెంటు దారి పట్టుకుని నడిచి నా దాకా వచ్చేసింది. నీళ్ళు తాగాను. టైమైపోయింది, రేపు చెబుతానన్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని, వదిలేసి లేచిపోయాను. సిగ్గు వేసింది. భయం కాదు, ఉత్త సిగ్గు.

మళ్ళీ చెప్పు

మర్నాడు పొద్దున్నే దుకాలూ ఊరికి స్కూటర్ మీద వెళ్ళాను. ఇంటి ముందు అతని భార్య బిసాహిన్ పాత చీర మీద మినప వడియాలు పెడుతోంది. దుకాలూ కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు, తుంటి సహకరించక మళ్ళీ కూర్చున్నాడు.

టీ వచ్చింది, యోగక్షేమాలు అయ్యాయి. వాళ్ళ మాటలు నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను. బిసాహిన్ భర్త మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. "ఈయనతో వేగలేకపోతున్నాను భయ్యా. తాళం వేస్తే నాలుగుసార్లు లాగి చూస్తాడు. గ్యాసు కట్టేశానా అని వంటింట్లోకి పది మాట్లు వెళ్తాడు. ఆ పడ్డ దగ్గర్నుంచీ ఇంతే."

దుకాలూ చిన్నగా నవ్వాడు. "ఏం చెయ్యను బావా. ఆ రోజు నేను టెస్టర్ పెట్టాననే నాకు గుర్తు. పెట్టినట్టు చెయ్యి కూడా చెబుతుంది. కానీ అందరూ పెట్టలేదన్నారు. నువ్వూ చూడలేదన్నావు. అయితే నాకు గుర్తున్నదే తప్పేమో. అప్పట్నుంచి ఏది చేసినా చేశానో లేదో అని నమ్మకం కుదరదు."

నేను విరగ్గొట్టింది తుంటి ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

చెప్పేశాను. అరువు తీగ, ఎడమచేతి మెలి, సంచిలో వేసుకున్న చుట్ట, ఫోర్మన్‌కి చెప్పిన అబద్ధం, క్లాసుల్లో చెప్పిన కథ, అన్నీ. క్షమించమని కూడా అన్నాను. ఆ మాట అతనికి వినపడినట్టు లేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి ముందుకు వంగాడు.

"సింహాచలం, ఒక్కటి చెప్పు. నేను టెస్టర్ పెట్టానా, లేదా?"

"పెట్టావు. రెండు తీగలకీ పెట్టావు. న్యూట్రల్‌కి రెండుసార్లు పెట్టావు. నేను చూశాను."

అతని కళ్ళు నిండాయి. నాకూ నిండాయి, కానీ ఏడవడానికి నాకేం హక్కుంది? అతను గట్టిగా పిలిచాడు. "బిసాహిన్, ఆ చెయ్యి కడుక్కుని ఇటు రా. ఈయన చెప్పేది విను." నా వైపు తిరిగి, "మళ్ళీ చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆవిడ పిండి చేత్తోనే నిలబడి విన్నది. నా ముందున్న టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ టీ నేను ఇంకా ముట్టుకోలేదు.

దుకాలూ ఫోను తీసి కొడుకుని పిలిచాడు. స్పీకరు పెట్టాడు. "మళ్ళీ చెప్పు." ఆ అబ్బాయి ఏదో డ్యూటీలో ఉన్నాడు, వెనకాల యంత్రాల చప్పుడు. అంతా విన్నాడు. "బాబూజీకి ఇయ్యండి" అన్నాడు, అంతే. తరవాత దుకాలూ ఎదురింటి ముసలాయన్ని కేకేశాడు. ఆయన కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేదాకా ఆగి, నా వైపు చూశాడు. ఆయనకి చెవులు సరిగా వినపడవు. గొంతెత్తి చెప్పవలసి వచ్చింది. వీధిలో నడిచేవాళ్ళు కూడా ఆగి విన్నారు.

నేను లేచినప్పుడు దుకాలూ అడిగాడు. "క్లాసుల్లో ఎంతమందికి చెప్పావు?"

"లెక్క లేదు."

"వాళ్ళకి?"

వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. కొందరు రాయపూర్‌లో, కొందరు నాగపూర్‌లో, కొందరు దుబాయిలో. లావణ్యకీ ఆ బ్యాచ్‌కీ ఆ మధ్యాహ్నమే చెప్పాను. ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంది. ఇక నన్ను క్లాసులకి పిలవరు, పిలవకపోవడమే మంచిది. మిగిలినవాళ్ళలో ఒక్కరికైనా చేరుతుందేమోనని ఇది రాస్తున్నాను. మీరు నా క్లాసులో ఎప్పుడైనా కూర్చుని ఉంటే, ఆ కథ మీ కింద పనిచేసేవాళ్ళకి మీరూ చెప్పి ఉంటే, దయచేసి వెనక్కి వెళ్ళి సరిదిద్దండి. దుకాలూ రామ్ చూశాడు. రెండు తీగలకీ టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి వేశాడు. చూడలేదని చెప్పింది నేను.